మోత లేని పెట్టె

ఈ మధ్య మా వీధిలో ఒకాయన కొత్తగా కొన్న సౌండు పెట్టె వినిపిస్తానని పిలిచాడు. వెళ్ళి కూర్చున్నాను. కాఫీ ఇచ్చారు. పాట ఇంకా మొదలవలేదు, పెట్టెలోంచి గుయ్యిమని సన్నగా రొద వస్తోంది.

"ఏమిటండీ ఆ మోత?" అన్నాను.

"ఏంప్లిఫయరన్నాక ఆ మాత్రం ఉంటుందిలెండి. పాట వస్తే తెలీదు."

కాఫీ సగంలో వదిలేసి వచ్చేశాను. పిలిచి మర్యాద చేసిన మనిషి ఇంట్లోంచి అలాగేనా లేచి రావడం అని మా ఆవిడ చీవాట్లు పెట్టింది. నిజమే, తప్పే. కానీ ఆ మాట నేను నలభై ఏళ్ళ పైనుంచి వింటున్నాను. ఉంటుందిలెండి! ఎందుకుండాలి? పాట గట్టిగా ఉన్నప్పుడు తెలియదు సరే, గొంతు తగ్గించి పాడే చోట మనం వినేది ఎవర్ని, పాడేవాణ్ణా, కరెంటునా? ఇలా అడిగితే చాదస్తం అంటారు. చాదస్తమే అనుకోండి. అది నాకు ఎక్కడ అంటుకుందో చెబుతాను.

డెబ్భైల చివర్లో కొత్తపేటలో బస్సులు ఆగే చోట నాకొక రేడియో రిపేరు కొట్టు ఉండేది. ఒక బల్ల, రెండు స్టూళ్ళు, గోడ నిండా మేకులు, మేకులకి తగిలించిన స్పీకర్లు. ఎనిమిదో తరగతితో నా చదువు ఆగింది. ఆగిందని బడివాళ్ళు అనుకున్నారు గానీ నేను అనుకోలేదు. అట్టలూడిన ఇంగ్లీషు పుస్తకం ఒకటి, నిఘంటువు ఒకటి పక్కపక్కన పెట్టుకుని, పేజీకి వారం పట్టినా సరే, ట్రాన్సిస్టరు అంటే ఏమిటో నాకు నేనే చెప్పుకున్నాను. డిగ్రీలున్నవాళ్ళు అదే పుస్తకం పరీక్ష కోసం చదివారు. నేను బల్ల మీద మూగపోయిన రేడియో కోసం చదివాను. రెండూ ఒకటి కాదు. ఈ ముక్క ఎత్తితే మా ఆవిడ "మళ్ళీ మొదలెట్టేరా" అని లోపలికి వెళ్ళిపోతుంది.

ఒక వేసవి మొదట్లో, పొద్దున్నే, కాలవ అవతలి ఊరినుంచి పంచె ఎగ్గట్టుకుని సైకిలు మీద ఒకతను వచ్చాడు. ఇరవై ఏళ్ళుంటాయి, పిలక ఉంది.

"ఘనపాఠిగారు మిమ్మల్ని ఓసారి రమ్మన్నారండి."

ఆ ఘనపాఠిగారు మా చుట్టుపక్కల తెలియనివాళ్ళు లేరు. నలుగురు శిష్యుల్ని ఇంట్లో పెట్టుకుని, అన్నం పెట్టి వేదం చెప్పేవారు. అంతకు ముందు చలికాలంలో ఆయనకి జబ్బు చేసింది. మనిషి తేరుకున్నారు, గొంతు తేరుకోలేదు. ఉన్న కాస్త గొంతూ ఎన్నాళ్ళుంటుందో చెప్పలేనన్నాడట డాక్టరు.

వేదం చెప్పడం నేను అప్పటిదాకా దగ్గర్నించి చూడలేదు. దాన్ని సంత చెప్పడం అంటారు. గురువు ఒక ముక్క అంటారు, శిష్యులు ఆ ముక్కని తిరిగి అంటారు. ఎదురుగా పుస్తకం ఉండదు. మాట ఒక్కటే కాదు, ఏ అక్షరం మీద గొంతు పైకి లేచింది, ఏ అక్షరం మీద కిందకి దిగింది, అంతా చెవితోనే పట్టుకోవాలి. ఆయన తన గురువు నోటినుంచి అలాగే పట్టుకున్నారు. ఇప్పుడు ఆ నలుగురికీ చివరి భాగం మిగిలిపోయింది. రెండు నెలల పని. గొంతు అన్నాళ్ళు ఉంటుందా, ముందే పోతుందా? ఆ ఇంట్లో అందరి మొహాల మీదా అదే భయం.

వాళ్ళ అరుగు మీద కూర్చుని నేను తెలియక అడిగాను. "మిగిలింది ఇంకొకరి దగ్గర చెప్పుకోకూడదాండీ?"

ఘనపాఠిగారి పెదవులు కదిలాయి. పక్కనున్న మామ్మగారు, అంటే ఆయన భార్య, ఆ కదలికని పైకి అన్నారు.

"మొదలెట్టింది నేను, ముగించాల్సిందీ నేనే అంటున్నారు అబ్బాయ్. పెళ్ళైన కాణ్ణించీ ఇదే మొండితనం."

ఆయన ఏదో అన్నారు.

"అదేం చెప్పక్కర్లేదు నాకు," అన్నారు మామ్మగారు ఆయనతో. ఏమన్నారో నాకు చెప్పలేదు.

నోటి దగ్గర చెవి పెడితే మాట అందేది. పైకి లేవడం, కిందకి దిగడం మాత్రం అందేది కాదు. అందుకని మైకు. పెళ్ళిళ్ళలో పెట్టేలాంటిది కాదు, ఊరికి వినపడకూడదు, అరుగు దాటకూడదు. ఆ నలుగురి చెవుల్లో పడితే చాలు. సరేనండి అని వచ్చి, వారంలో చిన్న ఏంప్లిఫయరు కట్టి, టీ పొడి వచ్చే పెట్టె చెక్కతో డబ్బా చేసి, సైకిలు వెనక కొబ్బరితాడుతో కట్టుకుని తీసికెళ్ళాను. మైకు ముందు ఆయన నోరు విప్పగానే ఆ గొంతు అరుగంతా పరుచుకుంది. మామ్మగారు గుమ్మం పట్టుకుని నిలబడిపోయారు. నేను ఈలేసుకుంటూ ఇంటికొచ్చాను.

నాలుగో రోజు మళ్ళీ కబురు.

ఆయన మైకులోనే మైకు మీద ఫిర్యాదు చేశారు. "ఏమయ్యా, నేను చెప్పింది వీళ్ళు అనట్లేదు. నీ పెట్టె చెప్పింది అంటున్నారు."

నాకు అర్థం కాలేదు. "వినూ" అని ఒక ముక్క చెప్పారు. నలుగురూ తిరిగి అన్నారు. నాకు వేదం రాదు గానీ చెవి ఉంది. ఆయన ఎత్తుకున్న శ్రుతి ఒకటి, వాళ్ళు అందుకున్న శ్రుతి వేరొకటి. ఆ వేరొకటి ఎక్కణ్ణించి వచ్చిందా అని చూస్తే, నా పెట్టెలోంచి. గుయ్యిమని ఒకే స్థాయిలో రొద పెడుతోంది కదా, నలుగురి గొంతులూ అచ్చంగా దాని మీద కూర్చున్నాయి. ఇంకెవరైనా అయితే ఆ రొదని వదిలేసి మాట వినేవాళ్ళు. వీళ్ళు చిన్నప్పట్నించీ చెవిలో పడ్డదాన్ని పొల్లు పోకుండా పట్టుకోవడమే నేర్చుకున్నవాళ్ళు. పొల్లు పోకుండా నా రొదని కూడా పట్టుకున్నారు.

"పైగా మధ్యాహ్నానికి ఇంకా కిందకి జారిపోతున్నారు," అన్నారాయన. "నా దగ్గర పదేళ్ళున్నారు, ఒక్క పూట జారలేదు."

వాళ్ళలో పెద్దవాడు తల వంచుకున్నాడు. "తెలీకుండా అయిపోతోందండి. మీరు ఆపినా అది ఆగదు కదండి, అదే చెవిలో ఉండిపోతోందండి."

కరెంటు సెకనుకి యాభైసార్లు అటూ ఇటూ ఊగుతుంది. దాన్ని ఒకవైపుకి తిప్పేసరికి వందసార్లు కొట్టుకుంటుంది, ఆ కొట్టుకోవడమే రొద. వేసవిలో రాష్ట్రమంతా కరెంటు వాడేస్తుంటే ఆ యాభై నలభై తొమ్మిదికి, నలభై ఎనిమిదికి దిగేది. దాంతో రొద శ్రుతీ దిగేది. కరెంటాఫీసు వాళ్ళు లెక్కచెయ్యని తేడాని ఆ నలుగురూ గొంతులో పెట్టుకుని చూపించారు. నేను సిగ్గుతో చచ్చిపోయాను. నా కొట్టులో విన్నప్పుడు ఆ మోత నాకు వినపడలేదు. ఎలా వినపడుతుంది, గుమ్మం ముందు బస్సులు హారన్లు కొడుతుంటే! నిశ్శబ్దం కావలసిన వస్తువుని బస్సులాగే చోట పరీక్ష చేసిన బుద్ధిమంతుణ్ణి నేను.

ఆ రోజునే ఘనపాఠిగారి బంధువు, పట్నంలో ఇంజనీరు, చూడటానికి వచ్చి ఉన్నాడు. పెట్టె మూత తీసి, పెన్ను కొసతో లోపల తట్టి, "పెద్ద కెపాసిటర్ వేస్తే సరిపోతుంది" అన్నాడు. రెగ్యులేటెడ్ సప్లై కట్టాలేమోనండి అన్నాను. నవ్వాడు. "అవి లేబరేటరీల్లో వాడతారు. నువ్వు ఎంతవరకు చదివావు?" ఆ ప్రశ్నకి ఇప్పుడైతే నా దగ్గర సమాధానం ఉంది. అయినా చెప్పాడు కదా అని పెద్ద కెపాసిటర్ వేసి చూశాను. రొద సగానికి తగ్గింది. మిగిలిన సగం ఇంకా తేటగా ఉందేమో, పట్టుకోవడం ఆ నలుగురికీ ఇంకా తేలికైంది.

మా వైపు కాలవలు చూసినవాళ్ళకి రెగ్యులేటరు చెప్పడం కష్టం కాదు. లాకుల దగ్గర లస్కరు ఉంటాడు. పై కాలవలో నీళ్ళు ఎగుడుదిగుడుగా వస్తున్నా, కొలతరాయి మీద గీత చూసుకుంటూ తలుపులు ఎత్తుతాడు, దించుతాడు. కింది కాలవలో మట్టం కదలదు. నా పెట్టెలో ఆ తలుపు ఒక పెద్ద ట్రాన్సిస్టరు, కొలతరాయి జీనరు డయోడు, లస్కరు ఇంకో చిన్న ట్రాన్సిస్టరు. పది రోజులు కూర్చుని కట్టాను. ఈసారి కొట్టులో కాదు, మా పెరట్లో, మా ఆవిడ చేత రుబ్బురోలు ఆపించి విన్నాను. రొద లేదు. పెట్టె సైకిలెక్కింది.

ఆరు గంటలకి సంత మొదలైంది. చక్కగా ఉంది. ఎనిమిదింటికి ఊరి చివర రైసు మిల్లు మోటారు వేశారు. పెట్టె గుయ్యిమంది.

మిల్లు వేస్తే ఓల్టేజి పడిపోతోందని తెలుస్తూనే ఉంది. ఎంతకి పడిపోతోందో కొలవాలి. స్విచ్చిబోర్డు నడిమింట్లో ఉంది. నేను అరుగు మీద ఉన్నాను. మావాళ్ళు ఆ గడప దాటడం అప్పటికి లేదు. అలాంటిదేం లేదండీ మా ఊళ్ళో అని ఈ రోజున ఎవరన్నా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. నేను దాటని గడప నాకు తెలియదా?

పెద్ద శిష్యుడి చేతికి మీటరిచ్చి ఎలా పెట్టాలో చెప్పి లోపలికి పంపాను.

"ముల్లు ఎక్కడుందండీ?"

"మధ్యలో ఉందండి."

"ఏ గీత మీద?"

"నాలుగు వరసల గీతలున్నాయండి. ఏ వరసండి?"

"పైనుంచి రెండోది."

"అక్కడ అంకెలు మూడు రకాలున్నాయండి."

మైకులోంచి ఘనపాఠిగారి గొంతు వచ్చింది. "వాడికి మీటరు రాదయ్యా. వచ్చినవాడు లోపలికి వెళ్ళాలి. అంతే."

నేను కదల్లేదు. మామ్మగారి వైపు చూశాను.

"చూస్తావేం? నూతి దగ్గర కాళ్ళు కడుక్కుని రా. వీళ్ళకీ రోజూ అదే చెప్తాను."

కడుక్కుని వెళ్ళాను. నూట యాభై చూపిస్తోంది ముల్లు. రెండొందల ముప్ఫై ఉండాల్సిన చోట! పై కాలవే కొలతరాయి కంటే కిందకి దిగిపోతే లస్కరు మాత్రం ఏం చేస్తాడు? తలుపులు పూర్తిగా ఎత్తేసి చూస్తూ కూర్చుంటాడు.

ఆ రోజే ఇంకొకటి కనిపెట్టాను. డబ్బాలో ఇనప చట్రం మీద చెయ్యి వేస్తే ఉన్న మోత తగ్గుతోంది, తీస్తే పెరుగుతోంది. ఆ ఇంటికి ఎర్తు లేదు. పెరట్లో, నూతి గట్టుకి కాస్త ఇవతల గొయ్యి తీసి, ఉప్పూ బొగ్గూ వేసి ఇనప గొట్టం పాతాను. మాది ఇసక నేల. వేసవిలో ఇట్టే ఆరిపోతుంది, ఆరితే ఎర్తు పనిచెయ్యదు.

"మామ్మగారండీ, రోజూ పొద్దున్నే ఈ గొట్టంలో ఓ చెంబుడు నీళ్ళు పొయ్యాలండి."

"మర్చిపోతే?"

"మోత వచ్చేస్తుందండి."

"తులసమ్మకో చెంబు, నీ గొట్టానికో చెంబు," అన్నారావిడ. "దీనికి దణ్ణం కూడా పెట్టాలా?"

"మీ ఇష్టమండి."

ట్రాన్స్‌ఫార్మరు విప్పి, చుట్లు పెంచి మళ్ళీ చుట్టాను. నూట యాభైకి పడిపోయినా పై కాలవ మట్టం రాయి మీది గీత కంటే ఎత్తులోనే ఉండాలి. దానికి తగ్గ తంటా ఏమిటంటే, కరెంటు నిండుగా ఉన్న వేళ ఆ మిగులంతా పెద్ద ట్రాన్సిస్టరు మీదే పడి అది కాలిపోయేంత వేడెక్కుతుంది. వేడి లాగడానికి మందపాటి అల్యూమినియం రేకు కావాలి. ఎక్కడా దొరకలేదు. మా ఆవిడ అన్నం గిన్నె మీద మూత దొరికింది. ఆ మూత సంగతి ఆవిడ ఇప్పటికీ మర్చిపోలేదు.

మూడో పెట్టె పట్టుకెళ్ళాను. మిల్లు వేశారు. రొద రాలేదు. నేను గర్వంగా ఘనపాఠిగారి వైపు చూశాను. ఆయన కళ్ళు మూసుకుని వింటున్నారు. చాలాసేపు విన్నారు.

"తుమ్మెద పోయిందయ్యా," అన్నారు. "పాము వచ్చింది."

పెట్టెకి చెవి ఆనిస్తే, అవును, స్‌స్‌స్ అని సన్నటి బుస. నాకే వినపడీ వినపడనట్టుంది. శిష్యులు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. ఇంజనీరుగారు ఉండి ఉంటే ఇక చాల్లెండి అనేవాడు. నిజం చెప్పాలంటే నాకూ నోటిదాకా వచ్చింది. అప్పుడాయన అన్నారు, "అడగడానికి నాకే సిగ్గుగా ఉంది. కానీ నా గొంతు కూడా ఇప్పుడు అంతే ఉంది కదా. రెండూ కలిసిపోతున్నాయి."

ఆ మాటకి నేను పెట్టె తిరిగి సైకిలుకి కట్టేశాను. కాలవగట్టు మీద కళ్ళు చెమర్చాయని చెప్పుకోవడానికి ఈ వయసులో నాకు సిగ్గు లేదు. గొంతు రోజురోజుకీ తగ్గుతోంది. నేనేమో పెట్టె వెనక పెట్టె మోస్తున్నాను.

బుస కొలతరాయిదే. జీనరు అనేది తన పని చేసుకుంటూనే లోలోపల సన్నగా వణుకుతూ ఉంటుంది. రాయి మీద గీతే వణికితే లస్కరు చెయ్యీ వణుకుతుంది. నా దగ్గరున్న డజను జీనర్లు ఒక్కొక్కటీ తగిలించి, హెడ్‌ఫోను పెట్టుకుని, నూనె మరిగే చప్పుడు ఏది తక్కువ చేస్తోందో విన్నాను. అందులో నెమ్మదైనదాన్ని ఏరి, దాని పక్కన ఒక రెసిస్టరు, ఒక కెపాసిటరు పెట్టాను. రాయి చుట్టూ చిన్న గుంట కట్టి, అలలు అందులో చచ్చాకే నీళ్ళు గీతని తాకేలా చేసినట్టు. పుస్తకంలో ఇది లేదు. కాలవలో ఉంది. ఆ తరవాత ఎప్పుడో పుస్తకాల్లో కూడా చూశాను లెండి, నాకంటే ముందే కనిపెట్టారట. కనిపెట్టనీ.

నాలుగో పెట్టె మీద ఫిర్యాదు రాలేదు. ఆయన మైకు దగ్గరికి లాక్కుని సంత మొదలెట్టారు. శిష్యులు ఆయన శ్రుతి మీద నిలబడ్డారు. మిల్లు వేసినా నిలబడ్డారు, మధ్యాహ్నమైనా నిలబడ్డారు. నేను అరుగు చివర కూర్చుని, మూత మీద చెయ్యి పెట్టి వేడి చూసుకుంటూ, అర్థం కాని ఆ మాటల్లో గొంతు లేవడం, దిగడం మాత్రం వింటూ ఉండిపోయాను. వారానికి రెండుసార్లు కొట్టు మూసేసి వెళ్ళేవాణ్ణి, వేడి ఎలా ఉందో చూడాలని మా ఆవిడకి చెప్పి. వెళ్ళినప్పుడల్లా వాల్యూము మీట కాస్త పైకి తిప్పి ఉండేది. గొంతు తగ్గిన కొద్దీ వాళ్ళు పెంచుకుంటున్నారు. మోత ఉన్న పెట్టె అయితే గొంతుతోపాటు మోతా పెరిగేది. ఇది పెంచడానికి చోటిచ్చింది.

చివరి రోజున కబురు చేశారు. మీట ఇక తిరగదు, చివరికంటా వచ్చేసింది. ఆయన ఒక ముక్క అనడం, ఊపిరి తీసుకోవడం, ఇంకో ముక్క. మిల్లు నడుస్తోంది. నడిమింట్లోకి వెళ్ళి చూస్తే ముల్లు నూట నలభై ఎనిమిది దగ్గరుంది, లోపల నా లస్కరు తలుపులు దాదాపు పూర్తిగా ఎత్తేసి ఉంటాడు. ఇంకో నాలుగు ఓల్టులు పడితే అయిపోయింది. మిల్లువాణ్ణి తిట్టుకుంటూ అక్కడే మీటరు పట్టుకుని నిలబడ్డాను. పదకొండు దాటాక చివరి ముక్క అన్నారు. నలుగురూ తిరిగి అన్నారు, మళ్ళీ అన్నారు. నేను బయటికొచ్చేసరికి నలుగురూ ఆయన కాళ్ళ దగ్గర ఉన్నారు. పెద్దవాడి భుజాలు కదులుతున్నాయి.

ఆయన నా వైపు చెయ్యి ఊపారు, ఆపెయ్యమని. ఆపేశాను.

కాసేపటికి దగ్గరికి రమ్మన్నారు. వంగాను.

"ఆపేవా?"

"ఆపేనండి."

"ఎప్పుడు?"

"ఇందాకేనండి. మీరు చెయ్యి ఊపగానే."

"తేడా తెలీలేదయ్యా," అన్నారు.

నాకు సర్టిఫికెట్లు లేవు. ఉన్నది ఇదొక్కటే.

వానలు మొదలయ్యాక ఆయన మాట పూర్తిగా పోయింది. చివరి ముక్క చెప్పింది వైశాఖంలో. శ్రావణంలో ఓ పొద్దున్న చూడటానికి వెళ్ళాను. మామ్మగారు పెరట్లో గొట్టంలో చెంబుతో నీళ్ళు పోస్తున్నారు. రాత్రంతా వాన కురిసి నేల చిత్తడిగా ఉంది. గొట్టం చుట్టూ గరిక మొలిచింది.

"ఇంక అక్కర్లేదండి మామ్మగారూ. పెట్టె వాడట్లేదుగా."

"పోశావా అని అడుగుతారు అబ్బాయ్."

"మాట లేదు కదండీ."

"ఆఁ, అదీ నిజమే. కళ్ళతో అడుగుతారు."

కాళ్ళు కడుక్కుని లోపలికి వెళ్ళాను. ఆయన పడక్కుర్చీలో ఉన్నారు. పెట్టె పక్కనే పీట మీద ఉంది, మైకు మీద పలచటి గుడ్డ కప్పి ఉంది. నన్ను చూసి, పెట్టెకేసి చూశారు. ఆన్ చెయ్యమంటున్నారని తెలిసింది. గుడ్డ తీసి, మైకు ఎప్పుడూ ఉండే చోట ఆయన ముందు పెట్టి, స్విచ్చి వేశాను. మీట చివరికంటానే ఉంది, ఎవరూ తగ్గించలేదు.

తుమ్మెద లేదు. పాము లేదు. పెట్టెలోంచి ఆయన ఊపిరి వినపడింది. లోపలికి, బయటికి, లోపలికి. మామ్మగారు చెంబు పట్టుకుని గుమ్మంలోకి వచ్చి, అక్కడే ఆగిపోయి, వింటూ ఉండిపోయారు.